చెవులతో చదివి... కళ్లతో విని!

అందరికీ ఒకటే పుస్తకం, ఒకటే నల్లబల్ల, ఒకటే గొంతు. ఎదురుగా కూర్చున్న పిల్లలు మాత్రం నలభై మందీ నలభై రకాలు. చూపు లేనివారు, వినపడనివారు, అక్షరాలు తడబడేవారు... వీళ్లందరికీ ఒకే పాఠం అందేదెలా? అందుకు పైసా ఖర్చులేని సాధనాలు ఇంటర్నెట్లో చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని తయారుచేసింది కూడా ఒకప్పుడు తరగతిలో పాఠం అందక ఇబ్బందిపడినవాళ్లే!

‘పిల్లలూ, నలభై రెండో పేజీ తీయండి!’

టీచర్ ఆ మాట అనగానే తరగతి గదిలో పుస్తకాలు గబగబా తెరుచుకుంటాయి. అందరూ తీశారనుకుని ఆవిడ పాఠం మొదలుపెడుతుంది. మొదటి బెంచీలో అబ్బాయికి చూపు లేదు. పక్కవాడి సాయంతో పేజీ అయితే తీశాడుగానీ వాడికది తెల్లకాగితంతో సమానం. మూడో వరసలో కూర్చున్న అమ్మాయికి వినపడదు. టీచర్ ఇటు తిరిగి మాట్లాడితే పెదాల కదలికను బట్టి ఎంతోకొంత పోల్చుకుంటుంది. ఆవిడ బోర్డు వైపు తిరిగిందా... అంతే, పాఠం ఆగిపోయినట్టే. కిటికీ పక్కన ఉన్నవాడికి కళ్లూ చెవులూ బాగానే ఉన్నాయి. కానీ పుస్తకం తెరిస్తే ‘ప’ ఏదో ‘వ’ ఏదో, ‘బ’ ఏదో ‘భ’ ఏదో తేలదు. లేచి చదవమంటే గొంతు పెగలదు. ఇక చివరి బెంచీలో ఉన్న పిల్ల ఇంట్లో మాట్లాడేది సవర భాష. తెలుగు పాఠం ఆ పిల్లకి సగమే చేరుతుంది.

ఇది ఊహించుకున్న తరగతే. అయితే ఏ ఊరి బడికి వెళ్లినా వీళ్లలో ఒకరో ఇద్దరో కనపడకపోరు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. కిటికీ పక్కన కూర్చున్న వాడిలాంటి వాళ్ల కోసం ఆ లెక్కల పత్రంలో ప్రత్యేకంగా ఒక గడి కూడా లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, అంతకుముందు ఏడు రకాలుగా ఉన్న వైకల్యాల జాబితాను ఇరవై ఒకటికి పెంచి, చదవడంలో రాయడంలో తడబాటును కూడా అందులో చేర్చింది. హక్కు వచ్చింది సరే, పీరియడు మాత్రం పెరగలేదు. ఉన్న ముప్పావు గంటలో ఒక్క టీచర్ ఇంతమందికి ఇన్ని రకాలుగా ఎలా చెప్పగలదు? పాపం ఆవిడకు మాత్రం ఎన్ని చేతులని!

సరిగ్గా అక్కడే ఈ ఉచిత సాధనాల అవసరం పడుతోంది.

పెన్‌డ్రైవ్‌లో ఇమిడిన గొంతు

చూపులేనివాళ్లు కంప్యూటర్ ఎలా వాడతారు? చాలామందికి వచ్చే సందేహమే ఇది. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. మౌస్‌తో పనిలేదు. కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూ వెళ్తే ఒక్కో వాక్యం, ఒక్కో పదం, కావాలంటే ఒక్కో అక్షరం చదువుతుంది. ఏదన్నా టైపు చేస్తే అదేమిటో చెబుతుంది. అలవాటైనవాళ్లు ఎంత వేగంగా వింటారంటే, పక్కనున్నవాళ్లకి రేకుల మీద వాన పడుతున్న చప్పుడులా ఉంటుంది తప్ప ఒక్క ముక్కా అర్థంకాదు.

ఇంత మంచి వస్తువు ఉండీ చాలాకాలం పేద పిల్లలకి అందలేదు. కారణం ధర. పేరున్న స్క్రీన్ రీడర్ కొనాలంటే ఒక్కో కాపీకి వెయ్యి డాలర్ల వరకూ పెట్టాలి. అంటే కంప్యూటర్ కన్నా దాన్ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్ ఖరీదే ఎక్కువన్నమాట! చూపున్నవాళ్లు కంప్యూటర్ కొనుక్కుని ఊరుకుంటే సరిపోతుంది. చూపులేనివాళ్లు మాత్రం అదే పని చేసుకోవడానికి రెండింతలు చెల్లించాలి. ఇదెక్కడి న్యాయం అనుకున్నాడు ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్. అతనికీ చూపు లేదు. 2006లో సొంతంగా ఒక స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు అంధ బాలల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే అనే మిత్రుడు వచ్చి చేయి కలిపాడు. ఆయనా అంధుడే. ఇద్దరూ కలిసి ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్షలేని సంస్థ పెట్టారు. అలా పుట్టిందే ఎన్‌వీడీఏ.

దీన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. ఎలా తయారుచేశారో లోపలి కోడ్ సహా బయటపెట్టారు కాబట్టి ప్రపంచం నలుమూలల నుంచీ చేతనైనవాళ్లు దానికి మెరుగులు దిద్దుతున్నారు. యాభైకి పైగా భాషల్లోకి వెళ్లింది. 2019లో స్క్రీన్ రీడర్ వాడేవాళ్లమీద జరిగిన ఒక అంతర్జాతీయ సర్వేలో, ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్న ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను కూడా స్వల్ప తేడాతో దాటేసింది. విరాళాలమీద నడిచే ఓ చిన్న సంస్థకి అది మామూలు విషయం కాదు.

మన బడులకు పనికొచ్చే సుగుణం ఇంకోటుంది. ఎన్‌వీడీఏను కంప్యూటర్లో ఎక్కించాల్సిన పనికూడా లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకు తిరగొచ్చు. బడిలో ఉన్న ఒకే ఒక్క విండోస్ కంప్యూటరైనా, వీధి చివరి నెట్ సెంటరైనా పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, అది మాట్లాడటం మొదలుపెడుతుంది. పని అయిపోగానే తీసేసి జేబులో వేసుకోవచ్చు.

మరి తెలుగు చదువుతుందా? చదువుతుంది. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ అనే గొంతుకి తెలుగు వచ్చు. కాకపోతే అది మరమనిషి గొంతులా ఉంటుంది. మొదటిసారి వింటే ‘ఇదేం తెలుగు!’ అనిపిస్తుంది. పది రోజులు వింటే చెవికి పట్టేస్తుంది. మనిషిలా పలికే గొంతే కావాలనుకుంటే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో తెలుగు పేజీ తెరిచి బిగ్గరగా చదవమని అడగొచ్చు. శ్రుతి అనే ఆడ గొంతు, మోహన్ అనే మగ గొంతు ఉన్నాయి. చదువుతున్న పదం రంగు మారుతూ వెళ్తుంది. దానికి నెట్ ఉండాలి. స్మార్ట్‌ఫోన్ అయితే సెట్టింగ్స్‌లోనే ‘టాక్‌బ్యాక్’ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. ఇంట్లో ఉన్న ఫోన్‌లోనే ఇంత సౌకర్యం ఉందని తెలియని తల్లిదండ్రులు ఎంతమందో!

చూస్తే తెలుగే... కంప్యూటర్‌కి కాదు!

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. స్క్రీన్ రీడర్ ఉంది, తెలుగు గొంతూ ఉంది. టీచర్ ఎంతో శ్రద్ధగా నోట్సు టైపు చేయించి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది. పిల్లవాడు తెరిచి వింటే... ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యమధ్యలో కామాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు! ఫైలు పాడైందేమో అనుకుంటాడు. టీచర్ తెరిచి చూస్తే చక్కటి తెలుగు, ఒక్క అచ్చుతప్పు లేదు.

దీనికి కారణం ఫాంటు. తెలుగు డీటీపీ పనుల కోసం దశాబ్దాలుగా వాడుతున్న అను వంటి పాత ఫాంట్లలో ఒక కిటుకు ఉంది. కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటికి తెలుగు అక్షరాల బొమ్మలు తొడుగుతారంతే. చూసేవాళ్లకి ‘అమ్మ’ కనపడుతుంది. కంప్యూటర్‌కి మాత్రం అవి ఏవో నాలుగు గుర్తులు. చూపున్నవాళ్లకి దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు. పెళ్లి శుభలేఖ నుంచి పరీక్ష పేపరు దాకా వీధిలోని డీటీపీ సెంటర్లో అలాగే తయారయ్యాయి. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటికీ ఒకటే సంఖ్య ఇచ్చే యూనికోడ్ వచ్చాక ఈ ఇబ్బంది పోయింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఇచ్చారు. అయినా ముద్రణ పనుల్లో పాత అలవాటు ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఒక ఫైలు ఏ రకమో తెలుసుకోవడం చాలా తేలిక. అందులోంచి ఒక వాక్యం కాపీచేసి ఇంటర్నెట్లో సెర్చ్ చేసే గడిలో పేస్ట్ చేయాలి. తెలుగు తెలుగుగానే ఉంటే యూనికోడ్. పిచ్చిగీతల్లా మారిపోతే పాత ఫాంటు. పాతదైతే దాన్ని యూనికోడ్‌లోకి మార్చిపెట్టే ఉచిత కన్వర్టర్లు నెట్లో దొరుకుతాయి. ఇక్కడ అతికించి అక్కడ తీసుకోవడమే.

ఇంకో రకం చిక్కు కూడా ఉంది. పుస్తకం పేజీలను ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసి ‘ఇదిగో ఈ-బుక్’ అంటుంటారు. అది పుస్తకం బొమ్మ. స్క్రీన్ రీడర్‌కి అందులో చదవడానికి ఏమీ ఉండదు. ఇలాంటి ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపు చేసిన పాఠంలా మార్చేస్తుంది. తెలుగునూ గుర్తుపడుతుంది. అచ్చు స్పష్టంగా ఉంటే బాగానే వస్తుంది కానీ ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర తప్పులు దొర్లుతాయి. అసలు పుస్తకం పక్కన పెట్టుకుని ఎవరో ఒకరు దిద్దాలి. ఆ దిద్దడం పెద్ద తరగతి పిల్లలు చేయొచ్చు, సాయంత్రం తీరికగా ఉన్న నాన్నగారు చేయొచ్చు, రిటైరైన తాతగారైతే మరీ మంచిది... ఒత్తు తప్పితే ఆయన ఊరుకోరు కదా!

పుస్తకాన్ని ఇలా మార్చుకుంటే కాపీరైటు గొడవ రాదా అనే అనుమానం రావచ్చు. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించి, అచ్చు పుస్తకం చదవలేనివారి కోసం దాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చుకునే వీలు కల్పించారు. ఇలాంటి పుస్తకాలను దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి 2013లో మొరాకోలోని మరాకెష్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 2014లో దాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016 ఆగస్టులో ‘సుగమ్య పుస్తకాలయ’ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. చూపులేనివాళ్లతో పాటు, పుస్తకం పట్టుకోలేనివాళ్లు, అక్షరాలు తడబడేవాళ్లు కూడా అందులో పేరు నమోదు చేసుకుని పుస్తకాలు తీసుకోవచ్చు.

వినదగ్గ రూపంలో పాఠం చేతికొస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకి తెలియంది కాదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంటర్‌లో సైన్సు చదువుతానంటే చూపులేనివాళ్లకి వీల్లేదన్నారు. కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠాలన్నీ ఆడియోగా మార్చుకుని విని, 98 శాతం మార్కులు సాధించాడు. ఆపైన అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. ఆయన కథతో 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది. ఆ ఆడియో పాఠాలు తయారుకావడానికి ఎవరో ఒకరు కూర్చుని పుస్తకమంతా పైకి చదవాల్సి వచ్చిన కాలం అది. ఇప్పుడు ఫైలు సరైన ఫాంటులో ఉంటే చాలు, చదివేవాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు.

మాట రాలగానే అక్షరం

మూడో వరసలో ఉన్న అమ్మాయి సంగతి చూద్దాం. గూగుల్‌లో పనిచేసే దిమిత్రి కనెవ్‌స్కీ అనే శాస్త్రవేత్తకు చిన్నప్పుడే వినికిడి పోయింది. మాటలను కంప్యూటర్‌తో గుర్తుపట్టించడం మీదే ఆయన పరిశోధనంతా. అయినా ఆఫీసులో మీటింగ్ జరిగితే, అక్కడ మాట్లాడేది దూరంగా కూర్చుని విని టైపు చేసి పంపే మనిషి ఉండాలి. ఖర్చూ ఎక్కువే, ముందుగా చెప్పి పెట్టుకోవాలి కూడా. హఠాత్తుగా ఎవరైనా పలకరిస్తే ఏం చేయాలి? ఆయన అవస్థ చూసిన చెట్ నెగీ అనే సహోద్యోగి, ఫోన్ మీదే ఆ పని జరిగేలా ఒక నమూనా తయారుచేశాడు. అదే మెరుగుపడి ‘లైవ్ ట్రాన్‌స్క్రైబ్’ పేరుతో 2019 ఫిబ్రవరిలో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చింది. బధిరుల కోసమే నడిచే అమెరికాలోని గాలాడెట్ విశ్వవిద్యాలయం కూడా దీని తయారీలో పాలుపంచుకుంది.

ఇది తెలుగుతో సహా డెబ్భైకి పైగా భాషల మాటలను విన్నది విన్నట్టు తెరమీద రాసి చూపుతుంది. టీచర్ బోర్డు వైపు తిరిగి చెబుతున్నా సరే, అమ్మాయి చేతిలోని ఫోన్ మీద వాక్యాలు వరసగా కదులుతుంటాయి. అలాగని గదిలో నలభై మంది ఒకేసారి మాట్లాడితే ఇది కూడా చేతులెత్తేస్తుంది. ఫ్యాను చప్పుడు, పక్క తరగతిలో ఎక్కాల మోత... అన్నీ కలగలిసిపోతాయి. ‘కిరణజన్య సంయోగక్రియ’ లాంటి మాటలు వచ్చినప్పుడు దాని తిప్పలు చూసి నవ్వుకోవాల్సిందే. అమ్మాయిని ముందు బెంచీలో కూర్చోబెట్టడం, టీచర్ కాస్త నిదానంగా మాట్లాడటం, ముఖ్యమైన పదాలు ముందే బోర్డు మీద రాయడం... ఈ మూడూ చేస్తే చాలా తేడా ఉంటుంది. గమనిస్తే ఈ మూడింటి వల్లా మిగతా పిల్లలకీ లాభమే.

పుట్టినప్పటి నుంచే వినపడని పిల్లల్లో చాలామందికి చదవడం కన్నా ముందు వచ్చే భాష సైగలది. వాళ్లకి తెలుగు అక్షరాలు చూపించి చదువుకొమ్మంటే లాభం ఉండదు. అలాంటివారి కోసం ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఒక వీడియో నిఘంటువు తయారుచేసింది. 2021 నాటికి అందులో పదివేల మాటలున్నాయి. ఉచితంగా చూడొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను సైగల భాషలోకి తేవడానికి 2020లో ఒప్పందం కూడా కుదిరింది. ఆ నిఘంటువు చూసి పక్క బెంచీ పిల్లలు రోజుకో అయిదు సైగలు నేర్చుకుంటే ఇంటర్వెల్లో ఆ అమ్మాయితో కబుర్లాడుకోవచ్చు. ఆ పని ఫోన్ చేయలేదు.

వందసార్లు అడిగినా విసుక్కోడు

కిటికీ పక్కన కూర్చున్న వాడిలాంటి పిల్లాణ్ని మన ప్రేక్షకులు మొదటిసారి తెరమీద చూసింది 2007లో... ‘తారే జమీన్ పర్’ సినిమాలో. అప్పటిదాకా ‘బద్ధకం’, ‘మొద్దు’, ‘పొగరు’ అని పిలిచినదానికి డిస్లెక్సియా అనే పేరుందని చాలా ఇళ్లలో అప్పుడే తెలిసింది. ఈ పిల్లలకి తెలివితేటలకేం లోటుండదు. అక్షరాన్ని చూసి శబ్దంగా మార్చుకునే దగ్గరే తడబాటు.

వీళ్ల కోసం 2011లో అబెలార్డో గొంజాలెజ్ అనే అమెరికన్ ఓపెన్ డిస్లెక్సిక్ అనే ఉచిత ఫాంటు రూపొందించాడు. అక్షరాల అడుగుభాగం లావుగా ఉంటుంది. దానివల్ల అక్షరం తిరగబడినట్టు అనిపించదన్నది ఆలోచన. కొందరు పిల్లలు హాయిగా ఉందంటారు. కానీ పరీక్షించి చూసిన పరిశోధకులకు దానివల్ల చదివే వేగం పెరిగినట్టు కనపడలేదు. పైగా అది ఇంగ్లిష్ లిపికే. ఇంటర్నెట్లో ఉచితంగా దొరికిన ప్రతిదీ మందు కాదని గుర్తుచేయడానికే దీన్ని ప్రస్తావించడం. తెలుగుకైతే పెద్ద అక్షరాలు, వరసల మధ్య ఎక్కువ ఖాళీ, ఒక్కో పేజీలో తక్కువ వాక్యాలు ఉంటే చూసేందుకు సులువుగా ఉంటుంది. ఆ మార్పులు ఏ కంప్యూటర్లోనైనా నిమిషంలో చేసుకోవచ్చు. ఎడ్జ్ బ్రౌజర్ సంగతి పైన చెప్పుకున్నాం కదా... చూపులేని పిల్లవాడి కోసమే అనుకున్న ఆ గొంతు వీడికీ అంతే ఉపయోగం. చెవికి మాట వినపడుతుంటే కంటికి అదే పదం రంగు మారి కనపడుతుంది. రెండూ జతపడతాయి.

చదివి వినిపిస్తే వినిపెట్టే సాధనం గురించి కూడా చెప్పుకోవాలి. 2019 మార్చిలో గూగుల్ మన దేశంలో ‘బోలో’ అనే యాప్ విడుదల చేసింది. తర్వాత దానికే ‘రీడ్ అలాంగ్’ అని పేరు మార్చారు. తెలుగు కూడా చేర్చారు. పిల్లలు పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ పాప వింటుంది. తప్పితే దిద్దుతుంది, బాగా చదివితే మెచ్చుకుంటుంది. విడుదలకు ముందు ఉత్తరప్రదేశ్‌లోని దాదాపు రెండొందల గ్రామాల్లో వాడి చూస్తే మూడు నెలల్లో 64 శాతం పిల్లల చదువు మెరుగుపడిందని సంస్థ ప్రకటించింది. నలుగురిలో లేచి చదవడానికి భయపడే పిల్లలు బొమ్మ ముందు భయపడరు. ఆ ధైర్యమే సగం పని చేసి ఉంటుంది.

సిగ్గు, భయం అంటే ఇంకో కథ గుర్తుకురావాలి. 2004లో అమెరికాలోని బోస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న సల్మాన్ ఖాన్ అనే యువకుడు (మన హీరో కాదులెండి!) న్యూ ఆర్లీన్స్‌లో ఏడో తరగతి చదువుతున్న, వరసకు చెల్లెలైన అమ్మాయికి ఫోన్‌లో లెక్కలు చెప్పేవాడు. కొలమానాలు మార్చే లెక్కలు ఎంతకీ ఎక్కడం లేదు. మిగతా బంధువుల పిల్లలూ చేరారు. అందరికీ విడివిడిగా చెప్పలేక 2006లో వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. ‘నువ్వు ఎదురుగా చెప్పడం కన్నా వీడియోలోనే బాగుంది’ అన్నారట పిల్లలు. వినడానికి చిన్నతనంగా ఉన్నా అందులో ఉన్న సంగతి తర్వాత ఆయనకి తెలిసింది. వీడియో అయితే ఆపొచ్చు. వెనక్కి తిప్పొచ్చు. ఎప్పుడో అయిదో తరగతిలో మర్చిపోయిన భిన్నాలను ఎవరికీ తెలియకుండా మళ్లీ నేర్చుకోవచ్చు. ‘ఇంకా అర్థంకాలేదా?’ అనే మాట పడాల్సిన పని లేదు. 2009లో ఆయన ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే పనిలో దిగాడు. అదే ఇప్పటి ఖాన్ అకాడమీ. బాగా చదివేవాడు ముందుకు పరిగెత్తడానికీ, వెనకబడ్డవాడు వెనక్కి వెళ్లి అందుకోవడానికీ ఒకే పాఠం పనికొస్తోంది.

ఎంత విన్నా బుర్రకెక్కనిది చేత్తో చేస్తే ఎక్కే పిల్లలూ ఉంటారు. వాళ్లకి ఫెట్ వెబ్‌సైట్ పెద్ద ఆటస్థలం. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ మరుసటి ఏడాదే కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టాడు. బల్బు, బ్యాటరీ, తీగ తెరమీదే కలిపి చూడొచ్చు. తప్పు కలిపినా ఫ్యూజు పోదు, ల్యాబ్ అటెండర్ అరవడు.

చివరి బెంచీ పిల్లకి ఏముంది మరి? ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న, అక్షరాస్యతా దినోత్సవం రోజున స్టోరీవీవర్ పేరుతో బొమ్మల కథల వెబ్‌సైట్ తెరిచింది. 24 భాషల్లో 800 కథలతో మొదలై ఇప్పుడు మూడొందల భాషలు దాటింది. తెలుగు కథలు బోలెడున్నాయి. కథలన్నీ చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి. ఒకే తరగతిలో రెండు మాటల వాక్యం చదివేవాడికి మొదటి మెట్టు కథ, గడగడా చదివేవాడికి నాలుగో మెట్టు కథ ఇవ్వొచ్చు. పైగా ఏ కథనైనా ఎవరైనా తమ భాషలోకి మార్చి పెట్టొచ్చు, అనుమతి ముందే ఇచ్చేశారు. ఇదే సంస్థ ఒడిశాలోని ముండా, కుయి, సవర, జువాంగ్ భాషల పిల్లల కోసం కథల పుస్తకాలు తెచ్చింది. శ్రీకాకుళం కొండల్లో సవర మాట్లాడే అమ్మానాన్నలు చెబుతుంటే టీచర్ టైపు చేసుకుంటే చాలు, రేపు తరగతిలో ఆ పిల్లే అందరికీ కథ చదివి వినిపిస్తుంది. మిగతావాళ్లే ‘దానర్థమేంటి?’ అని ఆ పిల్లని అడగాలి!

ఉచితమే... కానీ!

చేతిలో ఫోన్ లేని ఇంటికి ఇవేవీ ఉచితం కాదు. నెట్ రీచార్జి అయిపోతే శ్రుతి గొంతూ మోహన్ గొంతూ మూగబోతాయి. అందుకే నెట్ లేకపోయినా పనిచేసే ఎన్‌వీడీఏ లాంటివాటిని, ముందే దించి పెట్టుకోగలిగే కథలను, వీడియోలను ఎంచుకోవడం మేలు. ఇంట్లో నెట్ ఉన్న రాత్రిపూట దించి, పగలు బడిలో వాడుకోవచ్చు.

ఉచితంగా ఇచ్చేవాళ్లంతా ఒకే రకం కాదన్నది తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి. ఎన్‌వీడీఏ పేరు అడగదు, ప్రకటనలు చూపదు. మరికొన్ని యాప్‌లు మాత్రం పిల్లల పేరు, వయసు, గొంతు, ఊరు... అన్నీ అడుగుతాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ‘ఓకే’ నొక్కేముందు అదేమడుగుతోందో ఒకసారి చదవడానికి నిమిషం పడుతుంది. ముఖ్యంగా పిల్లల వైకల్యం గురించిన సమాచారం అయితే ఇంకాస్త ఆలోచించాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది టీచర్ సమయం. ఫైలు యూనికోడ్‌లో ఉందా, బొమ్మకి పక్కన రెండు ముక్కల్లో వివరణ రాశామా, వీడియోలో మాటలు కిందపడుతున్నాయా అని చూసుకోవాలి. లెక్కల్లో భిన్నాన్ని బొమ్మగా అతికిస్తే స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసి పోతుంది. సమీకరణం రాసే పద్ధతిలో రాస్తేనే చదవగలదు. ఒక్కసారి చేసిపెట్టుకుంటే మరుసటి ఏడాదికీ పనికొస్తుంది నిజమేగానీ, ఆ ఒక్కసారి చేయడానికి టీచర్‌కి వారానికి ఒక ఖాళీ పీరియడు ఇచ్చే బడులు ఎన్ని? యాప్‌ల జాబితా అంటించిన సర్క్యులర్ పంపడం మాత్రం అందరికీ తేలికే.

ఆఖరున పరీక్ష ఉండనే ఉంది. ఏడాదంతా చెవులతో చదివిన పిల్లవాడి ముందు అచ్చు పేపరు పెడితే? దివ్యాంగ విద్యార్థులకు గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్షలో కంప్యూటర్ వాడుకోవడానికి అదే ఏడాది సీబీఎస్‌ఈ అనుమతించింది. చాలాచోట్ల పిల్లలు ఇప్పటికీ సహాయకుడి మీదే ఆధారపడుతున్నారు. చెప్పింది చెప్పినట్టు రాసేవాళ్లు దొరికితే అదృష్టం, లేకపోతే ఏడాది కష్టం వాళ్ల దస్తూరీ పాలు. అదే పెన్‌డ్రైవ్, అదే గొంతు పరీక్ష గదిలోకీ రావాలని అడిగే తల్లిదండ్రులు పరీక్షల హడావుడి మొదలయ్యాక వెళ్తే కుదరదు. ఏడాది మొదట్లోనే బడికి రాతపూర్వకంగా ఇచ్చి, యూనిట్ టెస్టుల్లో వాడి చూడాలి. పేపరు ఏ డీటీపీ సెంటర్లో టైపు చేయిస్తున్నారో, ఏ ఫాంటు వాడుతున్నారో అప్పుడే అడగాలి. ఒక వాక్యం కాపీచేసి సెర్చ్ గడిలో పేస్ట్ చేస్తే అర నిమిషంలో తేలిపోతుంది.